చీర మీది పనిని కేబీల లెక్కలో పోగొట్టకండి

ఎడిటర్ గారికి నమస్తే,

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న నెట్ సెంటర్ నడిపిస్తున్న. జిరాక్సులు, ఆన్‌లైన్ ఫారాలు, పాస్‌పోర్ట్ ఫొటోలు ఇవే మా పనులు, అది కాక మా అత్తగారి ఊరు పోచంపల్లి, ఇంట్లో మగ్గం ఉంది, మామయ్య ఇప్పటికీ నేస్తరు, ఆ చీరలకు, చుట్టుపక్కల నాలుగిళ్ల వాళ్ల చీరలకు కూడా ఫొటోలు తీసి మా వెబ్‌సైట్‌లో పెట్టి అమ్మే పని ఏడేళ్ల నుంచి నాదే. మొన్న ఆగస్టు 7 చేనేత దినోత్సవానికి మీ పేపర్లో నేతన్నలు సొంతంగ ఆన్‌లైన్‌లో అమ్ముకోవాలె అని పేజీ నిండా రాసిన్రు, ఇంట్లో అందరం కూర్చొని చదివినం, మామయ్య అయితే ఆ పేజీ మడిచి బీరువాలో పెట్టుకున్నరు. కానీ ఆ పేజీ కింద డబ్బా కట్టి ఇచ్చిన సలహాల్లో ఒకటి, ఫొటోలన్నీ 100 కేబీ లోపు ఉండేలా చూసుకోవాలి అని ఉంది. ఎందుకు, ఎట్ల అనేది ఏం లేదు. ఆ ఒక్క లైన్ చదివి ఎంతమంది పిల్లలు అమ్మానాన్నలు నేసిన చీరల ఫొటోలు అట్ల నొక్కి పెడతరో అని నాకు మనసులో పడ్డది, ఎందుకంటే నేను అచ్చం అదే పని చేసి దెబ్బతిన్నదాన్ని. అందుకే రాస్తున్న. కొంచెం పెద్దగైతది, ఏమనుకోవద్దు.

ముందు నేను చేసిన తప్పు దీనికి పూర్తిగా ఉల్టా. ఫోన్‌తో తీసిన ఫొటో తీసినట్టే ఎక్కించేదాన్ని. 4000 బై 3000 పిక్సెల్స్, ఒక్కోటి 5 ఎంబీ దాకా, పేజీకి 24 చీరలు, అంటే ఒక్క పేజీ తెరిస్తే 120 ఎంబీ. నా షాపులో ఫైబర్ కనెక్షన్ కాబట్టి నాకు టక్కున వచ్చేది, అందరికీ అట్లనే వస్తదనుకున్న. ఒకరోజు ఊర్నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, వదినా నీ సైట్ తెరిస్తే పైన పేరొకటి వస్తది, కింద అంతా తెల్లగ ఉంటది, చీరలు రావు అన్నది. అప్పుడు కూర్చొని లెక్క వేసిన. సిగ్నల్ సరిగ్గ లేని చోట స్పీడ్ 1 ఎంబీపీఎస్ దగ్గర ఉందనుకోండి, అంటే సెకనుకు 125 కేబీ మాత్రమే, ఆ లెక్కన నా ఫొటో ఒక్కటి రావడానికే 40 సెకన్లు, పేజీ మొత్తం రావాలంటే 16 నిమిషాలు. అంతసేపు ఎవరు ఆగుతరు. పైగా రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకున్న మనిషి నా పేజీ పన్నెండు సార్లు తెరిస్తే ఆ రోజు డేటా అంతా ఖతం, పాపం వాళ్ల డేటా ఖర్చు పెట్టి నా చీర చూడాలె. అది తప్పే, ఒప్పుకుంట, సైజు తగ్గించాలె అనే మీ మాట నూటికి నూరు పాళ్లు నిజం.

తర్వాత సైట్ చేసిచ్చిన అబ్బాయిని అడిగితే అతను ఒక టూల్ పెట్టిండు, ఏ ఫొటో ఎక్కించినా అదే 100 కేబీకి దింపేస్తది. స్పీడ్ టెస్ట్‌లో అన్నీ పచ్చగ వచ్చినయి. నాకు మస్తు సంతోషమైంది, రెండు వారాలు ఆ సంతోషంలోనే ఉన్న. తర్వాత ఒకామె ఫోన్ చేసి, మేడమ్ ఇది ప్రింటెడ్ సిల్క్ కదా, దీనికి ఇంత రేటు ఎందుకు పెట్టిన్రు అని అడిగింది. నేను ఇక్కత్ అండి, చేతి నేత, డబుల్ ఇక్కత్ అని చెప్తే ఆమె నమ్మలేదు, ఫొటోలో అట్ల లేదు కదా అన్నది. ఆ సాయంత్రం మామయ్యకు ఫోన్లో ఆ చీరే చూపించిన. ఆయన కళ్లద్దాలు సర్దుకొని దగ్గరికి దూరంగ పెట్టి చూసి, "బిడ్డా, ఇది నేను నేసిందేనా? అచ్చు కొట్టిన చీర లెక్క ఉన్నది" అన్నరు. కోపంగ అనలేదు, మెల్లగనే అన్నరు, కానీ ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తది.

ఆ రాత్రి షాపు మూసినంక కంప్యూటర్ మీద ఒరిజినల్ ఒక పక్క, 100 కేబీది ఒక పక్క పెట్టి పెద్దగ చేసి చూసిన. చదివేవాళ్లకు తెలియాలె కాబట్టి చెప్తున్న, ఇక్కత్‌లో రంగు బట్ట మీద వెయ్యరు, నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగుల్లో ముంచుతరు, ఆ పోగులను లెక్కప్రకారం మగ్గం మీద కూర్చి నేస్తే డిజైన్ వస్తది. డబుల్ ఇక్కత్ అయితే పడుగు పేక, అంటే నిలువు పోగులు అడ్డం పోగులు, రెండిటికీ అట్లనే చెయ్యాలె. పోగు పోగుకు రంగు ఒక వెంట్రుకంత అటో ఇటో జరుగుతది, అందుకే ఇక్కత్‌లో పువ్వు అంచు కత్తిరించినట్టు ఉండదు, ఈకలాగ సన్నగ చీలి ఉంటది. ప్రింట్‌లో అంచు గీత గీసినట్టు ఉంటది. తెలిసినవాళ్లు ఆ ఈక అంచు చూసే చేతి నేత అని పట్టుకుంటరు. ఇప్పుడు ఒరిజినల్ ఫొటోలో ఆ ఈకలు సక్కగ కనపడుతున్నయి, నల్లటి పోగుల్లోకి తెల్లటి పోగులు చొచ్చుకొని పోయినట్టు. 100 కేబీ దాంట్లో అవి లేవు. వాటి చోట చిన్న చిన్న చదరపు గళ్లు, గళ్ల చుట్టూ దోమలు ముసిరినట్టు మసక చుక్కలు. నెలల తరబడి చేసిన పనిలో ఏది చూసి మనిషి డబ్బులిస్తడో సరిగ్గ అదే పోయింది, పక్కన ఖాళీ గోడ మాత్రం చక్కగ మిగిలింది.

ఆ గళ్లు ఎక్కడివి అని నాకు చాలా రోజులు అర్థం కాలేదు, తర్వాత చదివి తెలుసుకున్న. జేపెగ్ అనేది ఫొటోను చిన్నగ చేసి దాచే పద్ధతి, 1992లో వచ్చింది, ఇది ఫొటోను 8 బై 8 పిక్సెల్స్ ముక్కలుగ కోస్తది. ప్రతి ముక్కలో నిదానంగ మారే వెలుతురు ఎంత, గబగబ మారే సన్న వివరం ఎంత అని విడగొడుతది, మన కళ్లు సన్న వివరాన్ని అంతగ పట్టుకోవు కాబట్టి ముందు దాన్ని తీసేస్తది. క్వాలిటీ నంబర్ తగ్గించే కొద్దీ తీసేసేది పెరుగుతది, చివరికి ముక్కకు ముక్కకు పొంతన కుదరక గళ్లు బయటపడతయి. ఇట్ల విడగొట్టే లెక్క పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, 1974లో దాన్ని ప్రచురించిన ముగ్గురూ మన దేశపు మూలాలు ఉన్నవాళ్లే, బెంగళూరుకు చెందిన నసీర్ అహ్మద్, నటరాజన్, కె.ఆర్.రావు అంటే కామిశెట్టి రామమోహన రావు గారు. ప్రపంచంలో ఈరోజు ఎవరు ఫోన్‌లో ఫొటో పంపినా ఆ లెక్క దాదాపు ఎక్కడో ఒకచోట పని చేస్తనే ఉంటది, మీ పేపర్లో ఎప్పుడైనా వాళ్ల గురించి ఒక పేజీ వేస్తే బాగుంటది, ఇది పక్క మాట.

అసలు మాటకొస్తే, జేపెగ్‌లో బరువు పెరిగేది ఫొటోలో ఉన్న వివరాన్ని బట్టి. ఒకే సైజు, ఒకే క్వాలిటీ నంబర్ పెట్టి నేను చేసి చూసిన. ప్లెయిన్ కాటన్ చీర, అంచు ఒక్కటే రంగు, అది 100 కేబీ లోపే వస్తది, బాధ లేదు. అదే ఒళ్లంతా ఇక్కత్ ఉన్న పట్టు చీర దానికి రెండింతలు, మూడింతలు తూగుతది. ఇప్పుడు అన్నిటికీ 100 కేబీ అని ఒకే రూల్ పెడితే ఏమైతది? తక్కువ పని ఉన్న చీరకు ఏం కాదు, ఎంత ఎక్కువ పని ఉంటే ఆ చీర ఫొటో అంత ఎక్కువ ఖరాబైతది. అన్నిటికన్నా కష్టపడి నేసిన చీరనే అన్నిటికన్నా చెత్తగ కనపడుతది. ఎడిటర్ గారూ, నేను ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి కారణం ఈ ఒక్క ముక్కే. లెక్క కేబీ దగ్గర మొదలుపెట్టొద్దు, ఆ ఫొటోలో కొనేవాళ్లు దేన్ని చూసి నిర్ణయం తీసుకుంటరో ముందు అది చూసుకోవాలె, అది చెడిపోకుండ ఎంత తగ్గుతదో అంత తగ్గించాలె, అది ఒక చీరకు 90 కేబీ అయితది, ఇంకో చీరకు 260 అయితది.

ఆ టూల్ చేసిన ఇంకో తప్పు కూడా ఉంది, అది పిక్సెల్స్ పెద్దగ తగ్గించలేదు. 2000 బై 1500 ఉంచి, అంటే 30 లక్షల పిక్సెల్స్ ఉంచి, వాటన్నిటినీ 100 కేబీలో కుక్కింది. ఒక కేబీ అంటే సుమారు ఎనిమిది వేల బిట్లు, ఆ లెక్కన ఒక్కో పిక్సెల్‌కు దక్కింది పావు బిట్టు చిల్లర. ఇంత బియ్యాన్ని అంత చిన్న గిన్నెలో వండినట్టు అయింది. ఫోన్లో చూసేవాళ్లకు 2000 పిక్సెల్స్ వెడల్పు ఎందుకు? ముందు కొలత తగ్గించాలె, తర్వాతనే క్వాలిటీ జోలికి పోవాలె. 4000 బై 3000 ఫొటోను 1200 బై 900 చేస్తే కోటీ ఇరవై లక్షల పిక్సెల్స్ కాస్త 11 లక్షల లోపుకు వస్తయి, పదకొండో వంతు, బరువులో పెద్ద భాగం ఇక్కడనే దిగిపోతది, చూసేవాళ్లకు ఏం తేడా తెలియదు. దాని తర్వాత క్వాలిటీ 75 నుంచి 85 మధ్యలో ఎక్కడో పెడితే నా చీరలకు సరిపోతున్నది. ఆ నంబర్ శాతం కాదు, అది కూడా చాలామందికి తెలియదు, 80 అంటే 80 శాతం ఫొటో మిగిలిందని కాదు, ఒక టూల్‌లో 80, ఇంకో టూల్‌లో 80 ఒకటి కూడా కాదు. 100 పెట్టినా ఏం లాభం లేదు, 90 దాటినంక బరువు గబగబ పెరుగుతది, కంటికి కనపడే తేడా మాత్రం ఉండదు. నంబర్ కన్నా కళ్లను నమ్ముకోవాలె, ఎక్కించే ముందు చిన్న ఫోన్లో ఒకసారి, పెద్ద స్క్రీన్ మీద ఒకసారి అంచు చూసుకోవాలె. నేను దీనికి స్క్వూష్ అనే టూల్ వాడుత, గూగుల్ క్రోమ్ వాళ్లది, ఫ్రీ, బ్రౌజర్‌లోనే పని చేస్తది, ఫొటో ఎక్కడికీ అప్‌లోడ్ కాదు, మధ్యలో ఒక గీత ఉంటది, దాన్ని అటూ ఇటూ జరిపితే ముందు ఎట్లుంది తర్వాత ఎట్లుంది పక్కపక్కనే కనపడుతది. మామయ్య పక్కన కూర్చుంటరు, నేను నంబర్ దించుకుంట పోత, ఆయన ఆగు అన్నకాడ ఆగుత. ఇంతకన్నా మంచి పద్ధతి నాకు దొరకలేదు.

ఇంకొక సంగతి, ఇది నాకు మూడేళ్ల తర్వాత గాని వెలగలేదు. చీర పన్నా సుమారు 46, 48 ఇంచులు, అంటే దగ్గర దగ్గర 1200 మిల్లీమీటర్లు. చీర పన్నా మొత్తం పట్టేట్టు ఫొటో తీసి 1200 పిక్సెల్స్ వెడల్పుకు తగ్గిస్తే ఒక పిక్సెల్‌కు ఒక మిల్లీమీటర్. పట్టు చీరలో ఆ ఒక్క మిల్లీమీటర్‌లోనే రెండు మూడు పోగులు ఉంటయి. అంటే ఆ ఫొటోలో పోగు కనపడే అవకాశమే లేదు, క్వాలిటీ 100 పెట్టినా కనపడదు, నేను ఊరికే నంబర్ పెంచి బరువు మోసిన. అప్పటి నుంచి ప్రతి చీరకు రెండు ఫొటోలు పెడుతున్న. ఒకటి చీర మొత్తం, డిజైన్, రంగు తెలిస్తే చాలు, దాన్ని ధైర్యంగ తగ్గిస్త. రెండోది అంచో కొంగో దగ్గరగ, ఒక నాలుగు ఇంచుల ముక్క మాత్రమే, వెయ్యి పిక్సెల్స్‌లో. నాలుగు ఇంచులంటే 100 మిల్లీమీటర్లు, అంటే మిల్లీమీటర్‌కు 10 పిక్సెల్స్, అందులో పోగు పోగు లెక్కపెట్టొచ్చు, ఈక అంచు కనపడుతది. ఆ రెండోది మాత్రం ఎక్కువ నొక్కను, 250 కేబీ అయినా సరే. అయితే అది పేజీ తెరవంగనే రాదు, చీర మీద నొక్కినోళ్లకే వస్తది, కాబట్టి ఊరికే చూసి పోయేవాళ్ల డేటా పోదు. కింద ఉన్న చీరలు కూడా స్క్రోల్ చేసి దగ్గరికి వచ్చినప్పుడే లోడ్ అయ్యేట్టు పెట్టించిన, లేజీ లోడింగ్ అంటరు, చిన్న పనే. ఇప్పుడు మా పేజీ మొత్తం కలిపి 3 ఎంబీ దాటదు, ఆడపడుచు ఊర్లో కూడా తెరుచుకుంటున్నది, ప్రింటా అని అడిగే ఫోన్లు కూడా తగ్గినయి.

రంగు సంగతి ఇంకో తిప్పలు. ఎర్ర చీరకు పచ్చ అంచు మన దగ్గర ఎంత మామూలో మీకు తెలుసు, ఆ ఎరుపు పచ్చ కలిసే గీత దగ్గర ఫొటోలో రంగు అలుక్కపోయినట్టు అయ్యేది. కారణం ఏందంటే, జేపెగ్ చేసేటప్పుడు చాలా టూల్స్ వెలుతురును ప్రతి పిక్సెల్‌కు దాచిపెడతయి గానీ రంగును నాలుగు పిక్సెల్స్‌కు కలిపి ఒకటే దాస్తయి, మన కన్ను వెలుతురులో తేడా పట్టినంత రంగులో తేడా పట్టదు కాబట్టి. మనిషి మొహానికి, చెట్టుకు, గోడకు అది సరిపోతది. ఎర్ర పట్టుకు సరిపోదు. గింప్ అనే ఫ్రీ ఫొటో ఎడిటింగ్ టూల్‌లో సేవ్ చేసేటప్పుడు సబ్‌శాంప్లింగ్ అని ఉంటది, దాన్ని 4:4:4 పెట్టుకుంటే రంగు కూడా పూర్తిగ ఉంటది, బరువు కొంచెం పెరుగుతది. ఇప్పుడు అందరూ జేపెగ్ బదులు వెబ్‌పీ అనే ఇంకో పద్ధతి వాడండి అంటున్నరు, మంచిదే, 2010లో గూగుల్ తెచ్చింది, వాళ్లు చెప్పే లెక్క ప్రకారం అదే క్వాలిటీకి జేపెగ్ కన్నా 25 నుంచి 34 శాతం దాకా తగ్గుతది, ఇప్పుడు బ్రౌజర్లన్నీ తెరుస్తయి కూడా. కానీ నాణ్యత తగ్గించి దాచే వెబ్‌పీ ఎప్పుడూ రంగును అట్ల నాలుగింటికి ఒకటే దాస్తది, మార్చుకునే దారి లేదు, అందుకే ఎర్ర చీరల దగ్గరి ఫొటోలకు నేను జేపెగ్‌నే ఉంచిన, మిగతా వాటికి వెబ్‌పీ. ఏవిఫ్ అని ఇంకోటి వచ్చింది, దాంట్లో రంగు పూర్తిగ పెట్టుకోవచ్చు, ఇంకా చిన్నగైతది, కాకపోతే పాత ఫోన్లు వాడే మా కస్టమర్లు కొంతమంది దగ్గర తెరుచుకోలేదు, అందుకని ఇంకా మారలేదు.

ఫొటో తీసేటప్పుడే సగం బరువు తగ్గించొచ్చు అనేది ఎవరూ చెప్పరు. ట్యూబ్‌లైట్ వెలుతురులో తీస్తే ఫోన్ గ్రెయిన్ తెస్తది, సన్నగ ఇసుక చల్లినట్టు, జేపెగ్‌కు అది ఇసుకో పోగో తెలియదు, అది కూడా వివరమే అనుకొని దానికి కూడా కేబీలు ఖర్చు పెడుతది. పొద్దున తొమ్మిది పది మధ్య కిటికీ పక్కన పరిచి తీయండి, ఎండ నేరుగ పడకుండ. వెనక పూల దుప్పటి, గడప, చెప్పులు ఉంటే వాటికీ కేబీలు పోతయి, ఒక ప్లెయిన్ గుడ్డ కడితే ఆ కేబీలన్నీ చీరకు దక్కుతయి.

మా షాపుకు వచ్చే పిల్లలది ఇంకో రకం కష్టం. పోటీ పరీక్షల ఫారాల్లో చాలావాటికి ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలె అంటరు. చివరి రోజు రాత్రి వస్తరు పాపం, ఫొటో 3 ఎంబీ ఉంది అక్కా తగ్గించు అని, అప్పటికే ఏదో యాప్‌లో నాలుగు సార్లు నొక్కి ఉంటరు, మొహం మీద గళ్లు పడి ఉంటయి. కొందరిది మరీ తగ్గి 14 కేబీ అయితది, అది కూడా రిజెక్టే, తక్కువ ఉన్నా తీసుకోదు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఒరిజినల్ ఇవ్వు, నొక్కింది వద్దు. ఒకసారి జేపెగ్‌లో పోయింది మళ్లీ రాదు, నొక్కినదాన్నే తెరిచి మార్చి సేవ్ చేసినప్పుడల్లా ఇంకొంచెం పోతది. సంతకం అయితే తెల్ల కాగితం మొత్తం ఫొటో తీసుకొస్తరు, సంతకం మూలకు ఇంత ఉంటది, కాగితం అంతా కత్తిరించి సంతకం వరకే ఉంచితే ఆ 20 కేబీలో గీత గీత స్పష్టంగ వస్తది.

ఇండ్లలో నుంచి అమ్ముకునే ఆడవాళ్లకు ముఖ్యంగ ఒక మాట రాయాలె. ఫోన్‌లో లొకేషన్ ఆన్ ఉంటే తీసిన ప్రతి ఫొటో లోపల ఆ ఇల్లు ఎక్కడుందో అక్షాంశం రేఖాంశంతో సహా రాసి ఉండొచ్చు, ఒరిజినల్ ఎక్కిస్తే అది కూడా పోతది. సైజు తగ్గించేటప్పుడే ఆ సమాచారం తీసేయండి, నాలుగు కేబీలు కలిసొస్తయి అని కాదు, మీ ఇంటి అడ్రస్ బయటికి పోదు అని. కాకపోతే అన్నీ ఒకేసారి తీసేస్తే ఫొటో పక్కకు తిరిగి పడొచ్చు, కొన్ని ఫోన్ల ఫొటోల్లో రంగు వెలిసినట్టు అయితది, ఎందుకంటే ఎటు నిలబెట్టాలె, రంగు ఎట్ల చదవాలె అనేది కూడా అందులోనే రాసి ఉంటది. ముందు ఫొటో నిలబెట్టి, రంగును ఎస్‌ఆర్‌జీబీకి, అంటే వెబ్‌లో మామూలుగ వాడే రంగుల లెక్కకు, మార్చుకొని, తర్వాత తీసేయాలె. నేను ఇది తెలియక ఒక వంగపండు రంగు చీర ఫొటోను వెలిసిన రంగుతో సైట్‌లో పెట్టి, కొన్నామెకు అసలు చీర అందినంక రంగు వేరే ఉంది అని వాపస్ వచ్చింది. రానుపోను కొరియర్ ఖర్చు మాదే.

ఇప్పుడు మీకు నా విన్నపాలు. మొదటిది, ఆ 100 కేబీ లైన్‌ను సరిచేస్తూ ఎక్కడో ఒకచోట చిన్నగ అయినా వెయ్యండి, మీ పేపర్ చదివి అట్లనే చేసేవాళ్లు మా ఊర్లోనే ఉన్నరు, మీ మాటకు అంత విలువ ఉంది. ముందు కొలత తగ్గించండి, తర్వాత క్వాలిటీ, మొత్తం చీరకు ఒక ఫొటో, అంచుకు ఒక ఫొటో, ఒరిజినల్ ఎన్నడూ చెరపొద్దు అని నాలుగు మాటలు రాసినా చాలు.

రెండోది, మీ ఒక్క పేపర్ అని కాదు, తెలుగు పేపర్ల వెబ్‌సైట్లు అన్నిట్లో చూస్తున్న, బస్సుల టైములు, మెరిట్ లిస్టులు, రేట్ల పట్టికలు ఫొటోగ పెడతరు, జేపెగ్‌లో బాగా నొక్కి. అక్షరాల చుట్టూ మసక, ఒత్తులు, గుణింతాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతయి, తెలుగు అక్షరానికి కింద ఒత్తు పోతే మాటే మారిపోతది కదా. అట్లాంటివి కుదిరితే అక్షరాల రూపంలోనే టైప్ చేసి పెట్టండి, కుదరకపోతే పీఎన్‌జీలో పెట్టండి, కొద్ది రంగులు ఉండి సాఫుగ ఉన్న పట్టికలకు అది ఒక్క చుక్క పోనివ్వదు, చాలాసార్లు జేపెగ్ కన్నా చిన్నగనే వస్తది. అదే సైట్‌లో పైన ఒక నాయకుడి ఫొటో మాత్రం ఎవరికీ అవసరం లేనంత పెద్దగ 2 ఎంబీ ఉంటది, దాన్ని తగ్గించి ఆ కేబీలు ఆ పట్టికకు ఇవ్వొచ్చు.

మూడోది, ఊర్ల నుంచి మీకు ఫొటోలు పంపే విలేకర్లకు వాట్సాప్‌లో ఫొటోను మామూలుగ కాకుండ డాక్యుమెంట్‌గ పంపమని చెప్పండి. మామూలుగ పంపితే వాట్సాప్ ఒకసారి నొక్కుతది, మీ దగ్గర వెబ్‌కు ఎక్కించేటప్పుడు ఇంకోసారి, చివరికి మగ్గం మీద కూర్చున్న మనిషి మొహం కూడా గుర్తుపట్టరాదు. డాక్యుమెంట్‌గ అయితే తీసింది తీసినట్టు వస్తది, ఎంత తగ్గించాలనేది మీ డెస్క్ వాళ్ల చేతుల్లో ఉంటది.

ఆ చేనేత పేజీలో పైన పెద్దగ వేసిన చీర మా పక్కింటి వాళ్లదే. పేపర్ మీద ఎంత బాగొచ్చిందో చెప్పలేను, వాళ్లమ్మ దాన్ని లామినేషన్ చేయించడానికి నా దగ్గరికే తెచ్చింది. వెబ్‌సైట్‌లో మాత్రం ఆ చీర కొంగు మొత్తం గళ్లు గళ్లుగ ఉంది, అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి చూసేది అదే. ఒరిజినల్ నా దగ్గర ఉంది, కొంగు దగ్గరి ఫొటో కూడా ఉంది. మీ డెస్క్ మెయిల్‌కు రెండూ ఈరోజే పంపిస్తున్న, వీలైతే ఆ పేజీలో మార్చండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్